దయ్యానికి చెప్పిన కబురు

మా కింది అంతస్తులో ఒక మిత్రుడున్నాడు. అక్టోబరు వచ్చిందంటే ఆయనకు పూనకం వస్తుంది. మామూలు రోజుల్లో వంటింట్లో బొద్దింక కనిపిస్తే భార్యను పిలిచే మనిషి, ఆ నెలలో మాత్రం చుట్టుపక్కల దయ్యాల కొంపలన్నీ వెతికి పట్టుకుంటాడు. నెలాఖరున వచ్చే దయ్యాల పండగ హాలోవీన్‌కి ముందు ఇక్కడ అమెరికాలో ప్రతి ఊళ్ళోనూ ఇవి పుట్టుకొస్తాయి. ఏ పాత గోదామునో, మూతపడ్డ దుకాణాన్నో అద్దెకు తీసుకుని, లోపల చీకటి సందులు కట్టి, కాలేజీ కుర్రకారుకు రంగులు పూసి మూలమూలలా నిలబెడతారు. మనం టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళి, భయపడి, బయటికి రావాలి. సోమవారం పొద్దున్నే మా మేనేజర్ పంపే మీటింగ్ పిలుపు చూసి ఉచితంగా భయపడేవాణ్ణి నేను. డబ్బిచ్చి భయం కొనుక్కోవడమేమిటో నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు.

నా భార్య అలా కాదు. ఆమెకు దయ్యాలంటే లెక్కలేదు. మేం జెర్సీ సిటీలో నది ఒడ్డున ఉన్న ఈ టవర్‌లోకి వచ్చిన మొదటి ఏడు, ఇలాంటి కొంపకే వెళితే, రంపం పట్టుకుని మీదికొచ్చిన ఒకణ్ణి చేతిసంచితో మొత్తింది. వాడు ముసుగు తీసి క్షమాపణ చెప్పాడు. ఆ కథను మా మిత్రుడు ప్రతి పార్టీలోనూ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ సంచి కాస్త బరువెక్కుతుంది. అలా మా స్నేహితుల్లో ఆమెకు ధైర్యవంతురాలని పేరు స్థిరపడిపోయింది. ఆ పేరే మా కొంప ముంచింది.

ఎందుకంటే, ఈసారి అక్టోబరు నాటికి ఆమె కడుపుతో ఉంది. ఇంకా రెండో నెల నిండలేదు. ఆ సంగతి మా ఇద్దరికీ, డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. అంతకుముందు ఒకసారి ఇలాగే కబురు తెలియగానే ఆగలేక అందరికీ చెప్పేశాం. ఉగాది పార్టీలో మిఠాయి కూడా పంచాం. పట్టుమని నెల రోజులైనా అది నిలవలేదు. అప్పుడు, మిఠాయి తిన్న ప్రతి ఒక్కరికీ మళ్ళీ ఫోన్ చేసి, పోయిందని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒకావిడ పులిహోర పట్టుకొచ్చి, "మళ్ళీ అవుతుందిలే" అంది. ఇంకొకావిడ, తనకు తెలిసినవాళ్ళలో ఎవరెవరికి పోయాయో ఒక్కొక్కరి గురించీ చెప్పింది. ఇండియా నుంచి మా అత్తగారు ఏడుస్తూనే తిట్టారు. మూడో నెల నిండకుండా ఎవరు చెప్పమన్నారు, దిష్టి తగలదూ, అని. నా భార్య ఆ మాటను మనసులో పెట్టుకుంది. ఈసారి గర్భ పరీక్షలో రెండు గీతలు కనబడ్డ రోజునే నా చేత తన చేతిలో చెయ్యి వేయించుకుంది. మూడో నెల దాటేదాకా వాళ్ళమ్మకు కూడా చెప్పకూడదు.

రహస్యం దాచడం ఇంత కష్టమని నాకు తెలియదు. కింది అంతస్తు మిత్రుడి భార్యవి డేగ కళ్ళు. మా ఆవిడ కాఫీ వద్దందంటే ఆ కళ్ళు ఒకసారి ఆమె పొట్ట మీద వాలి వస్తాయి. అందుకని ఆ నెలంతా మా ఇంట్లో లేని నోము లేదు. కాఫీ మానేసింది మొక్కుబడి కోసం, బొప్పాయి తిననిది వేడి చేస్తుందని, మధ్యాహ్నం నిద్రపోయేది ఉపవాసం నీరసం వల్ల. ఇన్ని అబద్ధాలకు దేవుడు మా మీద కోపగించుకుంటాడేమోనని నాకు బెంగగా ఉండేది. ఆమె మాత్రం ప్రతిరోజూ పడుకోబోయే ముందు, "ఇవాళ కూడా గడిచింది" అని చెప్పి నిద్రపోయేది.

అలాంటి సమయంలో మిత్రుడు భార్యతో సహా పైకి వచ్చాడు.

"అన్నా, శనివారం ఫస్ట్ స్లాట్ బుక్ చేసిన, నలుగురికి. నది అవతల కొత్తది పెట్టిన్రు, హాస్పిటల్ థీమ్ అంట. ఎండ ఉండంగనే పోయి వద్దాం. పాపను మా అత్తమ్మ చూసుకుంటది."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె నావైపు చూడలేదు.

"అక్కా, దయ్యాన్ని సంచితో కొట్టావుగా, ఈసారి నిన్ను చూస్తే వాళ్ళే పారిపోతారేమో," అని మిత్రుడి భార్య నవ్వింది. నవ్వుతూనే పరిశీలనగా చూస్తోంది.

"నేను లేకుండా ఎలా వెళతారు?" అంది నా భార్య.

వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి వచ్చి కూర్చున్నాను.

"ఒంట్లో బాగాలేదని చెబుదాం," అన్నాను.

"చెప్పు. పావుగంటలో వాళ్ళావిడ రసం గిన్నెతో పైకొస్తుంది. నా మొహం చూస్తుంది. అంతే, తెల్లారేసరికి టవరంతా తెలుస్తుంది."

"తెలిస్తే తెలిసింది. ఏం పోయింది?"

"పోయినసారి ఏం పోయిందో నీకు తెలీదా?"

ఆమెను బతిమాలితే బాధపడుతుంది. వాళ్ళకు నిజం చెబితే నన్ను క్షమించదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనే మాట చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను కానీ, ఆ రెంటి మధ్యా నిలబడడం అదే మొదటిసారి.

శనివారం సాయంత్రం రైల్లో నది దాటాం. ఆ దయ్యాల కొంప ఒక పాత భవనం నేలమాళిగలో ఉంది. బయట కాలిబాట మీద వరసలో నిలబడ్డాం. ముందు కొందరు విద్యార్థులు, వెనక ఒక పుట్టినరోజు గుంపు. గోడ మీద పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చేవాళ్ళు, గర్భిణులు లోపలికి రాకూడదని. నేను చదివాను. ఆమె కూడా చదివింది. మిత్రుడు దాని ముందే నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాడు.

"వెళ్ళిపోదాం," అన్నాను మెల్లగా.

"మెల్లిగా నడిచి బయటికొచ్చేస్తా. నేను భయపడనుగా. భయపడితేనే కదా ఏమైనా అయ్యేది," అంది ఆమె.

వరస ముందుకు జరిగింది. గుమ్మం దగ్గర నల్ల అంగీ తొడుక్కున్న ఒకాయన ఆవులింత ఆపుకుంటూ నియమాలు వల్లించాడు. లోపల ఎవరినీ తాకకూడదు, మిమ్మల్నీ ఎవరూ తాకరు, పరుగెత్తకూడదు. ఆపైన హెచ్చరికలో ఉన్నవాటినే ప్రశ్నలుగా అడుగుతూ, ఒక్కొక్కరి మొహం చూసి సమాధానం కోసం ఆగాడు. గుండెజబ్బు ఉందా? ఫిట్స్ వస్తాయా? గర్భవతివా?

"నో," అంది నా భార్య. గట్టిగా అంది. మిత్రుడి భార్య పక్కనే ఉంది మరి.

మా నాయనమ్మ డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయని ఎప్పుడూ అనేది కాదు, నిండుకున్నాయనేది. దీపం ఆర్పమని చెప్పేది కాదు, ఘనం చేయమనేది. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, మనం ఏ మాట అంటే దానికి తథాస్తు అంటారు, అని ఆ వేళప్పుడు మా నోళ్ళు కట్టేసేది. ఇలాంటివి నేను నమ్మను. నమ్మనని నలుగురిలోనూ వాదిస్తాను. కానీ ఆ వీధి చివర సూర్యుడు ఎర్రగా కుంగుతున్నాడు. కడుపులో బిడ్డను పెట్టుకుని నా భార్య కాదంది. ఆమె మొహం ఒక్క క్షణం పాలిపోయింది. అప్పటికే అంగీ ఆయన తెర ఎత్తి పట్టుకున్నాడు.

లోపల ముందు మిత్రుడు, వెనక ఆయన భార్య, ఆ వెనక నా భార్య, చివర నేను. సందు ఎంత ఇరుకంటే భుజాలు గోడలకు రాసుకుంటున్నాయి. ఎక్కడి నుంచో మొహాన గాలి కొట్టింది. కాళ్ళ కింద చెక్కలు ఊగాయి. ఒక మంచం కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది, ఒక బీరువా తలుపు పగిలినట్టు తెరుచుకుంది. మిత్రుడి కేకలకు అక్కడి దయ్యాలే ఉలిక్కిపడి ఉంటాయి. నేను రెండు చేతులూ చాపి, తాకకుండా, నా భార్య చుట్టూ దడి కట్టినట్టు పట్టుకుని నడిచాను. అలా పట్టుకుంటే ఏం ఆగుతుంది? చప్పుడు ఆగదు, వెలుతురు ఆగదు, ఆమె గుండె దడ ఆగదు. తెలిసి కూడా పట్టుకున్నాను, నా చేతిలో ఉన్నది అదొక్కటే కనుక.

"బావగారు అక్కని బాగానే కాపాడుతున్నారే!" అంది మిత్రుడి భార్య వెనక్కి తిరిగి.

"మీ అక్కను కాదమ్మా, మీ అక్క నుంచి దయ్యాలను," అన్నాను.

తర్వాతి గది ఆసుపత్రి వార్డు. నెత్తురు రంగు పూసుకున్న నర్సు ఒకతె, తల ఒక పక్కకు వాల్చి, చక్రాల కుర్చీ వెనక నుంచి లేచింది. మిత్రుడూ అతని భార్యా అరుచుకుంటూ అవతలి సందులోకి పోయారు. నర్సు తిన్నగా నా భార్య మీదికొచ్చింది. మొహంలో మొహం పెట్టి కీచుమని అరవబోయింది. ఇంక నా వల్ల కాలేదు. ఇద్దరి మధ్యలోకి దూరి, ఆ దయ్యం చెవి దగ్గర ఇంగ్లీషులో అన్నాను, ప్లీజ్, ఆమె గర్భవతి, ఇంకా ఎవరికీ తెలియదు అని.

నర్సు ఆగిపోయింది. వాల్చిన తల నిటారుగా అయింది. చూస్తే ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆ నెత్తురు రంగు వెనక నుంచి మామూలు ఆడపిల్ల గొంతు వచ్చింది.

"ఓ! కంగ్రాచ్యులేషన్స్," అంది రహస్యంగా.

మా బిడ్డ గురించి ఈ లోకంలో మాకు దక్కిన మొదటి శుభాకాంక్ష అదే. ఆ పిల్ల గోడ మీద ఏదో పద్ధతిలో తట్టింది. అవతల నుంచి ఎవరో తిరిగి తట్టారు. అంతే, అవతలి సందులో ఆగిన మిత్రుణ్ణీ అతని భార్యనూ కలుపుకుని నడుస్తుంటే, అక్కడి నుంచి దయ్యాలన్నీ మాకు దారిచ్చాయి. శవాల గదిలో ఒకడు బల్ల మీద లేచి కూర్చోబోయి మమ్మల్ని చూసి మళ్ళీ పడుకున్నాడు. రంపం పట్టుకున్నవాడొకడు దాన్ని ఆపేసి గోడకు అంటుకుని నిలబడ్డాడు. మేం దాటాక, మా వెనక వస్తున్న పుట్టినరోజు గుంపు కోసం మళ్ళీ మొదలుపెట్టాడు. వంగి నడవాల్సిన చోట ఎవరో పక్క తలుపు తెరిచి పట్టుకున్నారు. నా భార్య మహారాణిలా నడిచి బయటికొచ్చింది.

"లాస్ట్ హాఫ్ వేస్ట్ అన్నా. మీరొస్తుంటే ఒక్కడు సుత భయపెట్టలే," అని మిత్రుడు చిన్నబుచ్చుకున్నాడు.

తిరుగు రైల్లో ఆమె నా చెవి దగ్గరకు వంగింది. "ఎవరికి చెప్పావు?"

"దయ్యానికి."

ఆమె నవ్వు మొదలుపెట్టింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఎదురుగా కూర్చున్న మిత్రుడి భార్య ఏంటక్కా, ఏంటక్కా అని అడుగుతూనే ఉంది. నా భార్య చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ నా భుజం మీద వాలిపోయింది. ఆ ఏడాదంతటిలో నేను నిజంగా సంతోషంగా ఉన్నది ఆ కాసేపే.

వారం తిరక్కుండా ఒక పొద్దున ఆమె బాత్రూములోంచి నన్ను పిలిచింది. పిలిచిన గొంతులోనే అర్థమైపోయింది. ఆసుపత్రికి వెళ్ళాం. ఈ ఆసుపత్రిలో అంతా తెల్లగా, శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. స్కాన్ తెర మీద చూస్తున్న డాక్టరమ్మ మాట్లాడడం ఆపేసినప్పుడు నేను గోడ మీది గడియారం వైపు తిరిగాను. ఆవిడ మంచావిడే. కుర్చీ దగ్గరకు లాక్కుని, మెల్లగా, ఇది మీరు చేసినదాని వల్లా కాదు, చేయనిదాని వల్లా కాదు అని చెప్పింది. భయపడితే ఇలా అవుతుందా అని నేనే అడిగాను. కాదంది. చాలావాటికి కారణం మాకూ తెలియదు అంది.

కారులో ఇంటికొస్తున్నాం.

"నేను నో అన్నాను కదా," అంది నా భార్య ఉన్నట్టుండి.

"ఏంటి?"

"వాడు అడిగాడు, నేను లేదన్నాను. సరిగ్గా సంధ్యవేళ. నా నోటితో నేనే అన్నాను."

నాకు చేతకానప్పుడు వేళాకోళం వస్తుంది. అది నా రోగం. "వాడు ఇంగ్లీషులో అడిగాడు, నువ్వు ఇంగ్లీషులో చెప్పావు. తథాస్తు దేవతలకు ఇంగ్లీషు రాదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. తిట్టినా బాగుండేది. "వాళ్ళకి రాని భాష ఉంటుందా?" అని నన్నే అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. డాక్టరమ్మ చెప్పినది మళ్ళీ చెప్పాను. చదువుకున్నాం కదా అన్నాను. తల ఊపింది. నా మాటలేవీ ఆమె దాకా వెళ్ళడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

హాలోవీన్ రోజున నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. మా టవర్‌లో ఒక పద్ధతి ఉంది. తలుపు మీద నారింజ రంగు కాగితం అంటించిన ఇళ్ళకే పిల్లలు వచ్చి చాక్లెట్లు అడుగుతారు. మా తలుపుకు నా భార్య ముందే అంటించి ఉంచింది. సాయంత్రం అయ్యేసరికి ఆ కాగితం పీకేద్దామని లేచాను.

"ఉండనీ," అంది సోఫాలోంచి. "తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు."

ఆమె పక్కన కూర్చున్నాను. మిగతా అంతస్తుల్లో పిల్లల గోల మొదలైంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది.

"పోయినసారి అందరూ వచ్చి ఓదారుస్తుంటే చావాలనిపించింది. ఇప్పుడు ఒక్కరైనా వస్తే బాగుండనిపిస్తోంది," అంది. "ఎవరికైనా చెప్పు. ఎవరికో ఒకరికి."

ఫోను తీశాను. మా అత్తగారి పేరు దగ్గర ఆగాను, మా అమ్మ పేరు దగ్గర ఆగాను, కింది అంతస్తు మిత్రుడి పేరు దగ్గర ఆగాను. పోయిందని చెప్పాలంటే ముందు ఉందని చెప్పాలి. ఒకే ఊపిరిలో ఆ రెండు మాటలూ ఎలా చెబుతాను? ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతె ఉంది, ఆమె మొహం కూడా రంగుల కిందే చూశాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఎవరి మీదా అనడానికి లేదు, అందుకే ఇంకా ఎక్కువ వచ్చింది. ఫోను బల్ల మీద బోర్లించి పెట్టాను.

అప్పుడే గంట మోగింది. చాక్లెట్ల గిన్నె తీసుకుని నేను వెళ్ళేలోపే ఆమె లేచి తలుపు తీసింది. గుమ్మంలో తెల్ల దుప్పటి కప్పుకున్న ఒక బుల్లి దయ్యం. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. వెనక కింది అంతస్తు మిత్రుడి భార్య, ఫోనుతో వీడియో తీస్తూ.

"బూ!" అంది దయ్యం.

పిల్లలు భయపెడితే పెద్దవాళ్ళు భయపడాలి, అది మర్యాద. నా భార్య గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మో!" అంది. ఆ మాట వరకూ బాగానే ఉంది. మళ్ళీ "అమ్మో" అంది. మూడోసారి అది "అమ్మా" అయింది. ఇంక ఆగలేదు. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, అమ్మా అమ్మా అని ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపు, కారులో ఏడవని ఏడుపు.

బుల్లి దయ్యం హడలిపోయింది. గబగబా దుప్పటి పైకి లాక్కుని, చెమట పట్టిన మొహం బయట పెట్టింది.

"ఆంటీ, ఇట్స్ మీ! ఏడవకు ఆంటీ, ప్లీజ్. దయ్యం కాదు. లోపల నేను ఉంది."

నా భార్య ఆ పిల్లను దుప్పటితో సహా దగ్గరకు లాక్కుని గట్టిగా పట్టుకుంది.

"అయ్యో అక్కా, నిజం దయ్యాలకు భయపడనిదానివి, దీనికి ఇంత భయపడ్డావా?" మిత్రుడి భార్య నవ్వుతోంది, కాస్త కంగారుగా. వీడియో ఇంకా తీస్తూనే ఉంది.

నేను నోరు తెరిచాను. పిల్ల భుజం మీదుగా నా భార్య నావైపు చూసింది. ఆ చూపు చెప్పమంటోందో, వద్దంటోందో నాకు తెలియలేదు.

"చాలా భయమేసింది," అంది ఆమె, పిల్ల జుట్టులో మొహం పెట్టుకుని.

"ఇంక వదులక్కా, ఇంకా పై ఫ్లోర్లన్నీ తిరగాలి, లేటైతే చాక్లెట్లు అయిపోతాయి."

నా భార్య వదిలింది. పిల్ల సంచి తెరిచి పట్టుకుంది. నేను గిన్నెలోంచి తీసి అందులో వేశాను, ఇంకా వేశాను, చాలు అంకుల్ అనేదాకా వేస్తూనే ఉన్నాను.